మీరు ఎవరి రోల్స్‌లో ఉన్నారు? ఉత్తరాంధ్ర జీతాల లెక్క

ఈరోజు ఎపిసోడ్ ఒక ఫొటోతో మొదలెడతాను.

మా చిన్నాన్న కొడుకు. వయసు 23, బీఎస్సీ కెమిస్ట్రీ. గత ఏడాది సంక్రాంతికి ముందు ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. నీలం యూనిఫాం, తెల్ల హెల్మెట్, వెనకాల ఒక పెద్ద ఫార్మా కంపెనీ గేటు. ఫొటో కింద మా పిన్ని వాయిస్ మెసేజ్: "మా బాబుకి కంపెనీలో ఉద్యోగం వచ్చీసిందర్రా." అందరం లైకులు కొట్టాం. నేనూ కొట్టాను.

మొన్న ఇంటికొచ్చినప్పుడు లోన్ కోసం అని వాడు తన పేస్లిప్ నాకు చూపించాడు. దాని మీద ఆ కంపెనీ పేరు లేదు. ఏదో ఎంటర్‌ప్రైజెస్ అని ఉంది. "ఇదెవర్రా?" అన్నాను. "అదా, మా కాంట్రాక్టర్ అన్నయ్యా" అన్నాడు, అదేం పెద్ద విషయం కానట్టు.

వాడు రోజూ వెళ్లేది కంపెనీకి. పని చెప్పేది కంపెనీ సూపర్‌వైజర్. నడిపేది కంపెనీ రియాక్టర్. హెల్మెట్ మీద కంపెనీ లోగో. కానీ కాగితం మీద వాడు ఆ కంపెనీ ఉద్యోగి కాడు. వాడి పక్కనే అదే షిఫ్టులో, అదే పని చేసే ఇంకో కుర్రాడు కంపెనీ రోల్స్‌లో ఉన్నాడు. ఇద్దరి జీతానికీ దాదాపు సగానికి సగం తేడా.

ఇది మా ఇంటి కథ మాత్రమే అయితే వీడియో చేసేవాడిని కాదు. రణస్థలం, పైడిభీమవరం వైపు మీ ఇంట్లో ఎవరైనా కంపెనీకి వెళ్తుంటే, వాళ్ల పేస్లిప్ ఒకసారి అడిగి చూడండి. అందుకే ఈరోజు టాపిక్ ఇది. మన శ్రీకాకుళం, విజయనగరంలో పని ఉన్నా జీతం ఎందుకు పెరగట్లేదు?

కాంట్రాక్టర్‌కి డబ్బు ఎక్కణ్నుంచి మిగులుతుంది?

ముందు ఈ సిస్టమ్ ఎలా నడుస్తుందో చూద్దాం. ఒక కంపెనీకి 100 మంది కావాలి. తనే తీసుకుంటే వాళ్ల ప్రమోషన్లు, ఇంక్రిమెంట్లు, గ్రాట్యుటీ, యూనియన్ అన్నీ తనే చూసుకోవాలి. బదులుగా ఒక కాంట్రాక్టర్‌ని పిలిచి "100 మందిని పంపు, మనిషికి ఇంత ఇస్తాం" అంటుంది. నలుగురు కాంట్రాక్టర్లు కొటేషన్ వేస్తారు. ఎవరు తక్కువ వేస్తే పని వాళ్లది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మామూలుగా బిజినెస్‌లో రేటు తగ్గించాలంటే మంచి మెషీన్ కొనొచ్చు, ముడిసరుకు చౌకగా తెచ్చుకోవచ్చు. ఈ కాంట్రాక్టర్‌కి మెషీన్ లేదు, ముడిసరుకు లేదు. మెషీన్ కంపెనీది, బిల్డింగ్ కంపెనీది, కరెంటు కంపెనీది. ఆయన పెట్టే ఖర్చు దాదాపు అంతా మనుషులే. మరి తక్కువ కొటేషన్ వేసి, పైగా లాభం కూడా మిగుల్చుకోవాలంటే ఎక్కడ తగ్గిస్తాడు? మనుషుల దగ్గరే. జీతంలో, ఓవర్‌టైంలో, పీఎఫ్‌లో, సెలవుల్లో. ఆయన మంచోడా చెడ్డోడా అన్నది తర్వాత సంగతి. పోటీయే అలా పెట్టారు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. ఇది నేను వేసుకున్న లెక్క, ఏ కంపెనీదీ కాదు. పీఎఫ్, ఈఎస్ఐ లెక్కకొచ్చే జీతం నెలకి 14,000 అనుకోండి. ఉద్యోగి వాటాగా పీఎఫ్ 12 శాతం, అంటే 1,680. ఈఎస్ఐ 0.75 శాతం, అంటే 105. ఈ రెండూ పోతే చేతికి 12,215 రావాలి. యజమాని తన జేబులోంచి ఇంకో 12 శాతం పీఎఫ్, 3.25 శాతం ఈఎస్ఐ కట్టాలి. అంటే 1,680, 455 కలిపి 2,135.

ఇప్పుడు కొందరు కాంట్రాక్టర్లు చేసే పని ఏంటంటే, ఆ 2,135 కూడా కుర్రాడి జీతంలోంచే కోస్తారు. అప్పుడు చేతికొచ్చేది 10,080. ఇది చట్టవిరుద్ధం. యజమాని వాటాని ఉద్యోగి జీతంలోంచి కోయకూడదని పీఎఫ్ రూల్స్‌లోనే ఉంది. ఇంకా ఘోరం ఏంటంటే, కోసిన డబ్బు పీఎఫ్ ఆఫీసుకి కట్టకపోవడం. స్లిప్‌లో కటింగ్ కనిపిస్తుంది, ఖాతాలో డబ్బు కనిపించదు.

ఇంకోటి కూడా ఉంది, దీన్ని ఎవరూ గమనించరు. రెండేళ్లకో మూడేళ్లకో కాంట్రాక్టర్ మారతాడు. కుర్రాడు మారడు, మెషీన్ మారదు. కానీ కాగితం మీద కొత్త జాయినింగ్ డేట్ పడుతుంది. గ్రాట్యుటీ రావాలంటే మామూలుగా ఒకే యజమాని దగ్గర 5 ఏళ్ల సర్వీసు కావాలి. ఒకే గేటులోకి పదేళ్లు వెళ్లినా, కాగితం మీద ఆ 5 ఏళ్లు పూర్తవ్వవు.

తాతల కాలంలో బాగుండేదా?

చాలామంది "మా తాత జూట్ మిల్లులో పర్మనెంట్, ఆ రోజులే వేరు" అంటారు. కొంత నిజమే. గోగు నారని ఇంగ్లీషు పుస్తకాల్లో బిమ్లిపట్నం జూట్ అంటారు, మన భీమిలి పేరు మీద. గోగు మన పొలాల్లో పండేది, నెల్లిమర్ల, చిట్టివలస లాంటి చోట్ల మిల్లులు నడిచేవి. పర్మనెంట్ కార్మికుడికి టోకెన్, పీఎఫ్, యూనియన్ ఉండేవి. ఆ జీతంతో ఇల్లు కట్టినవాళ్లు, పిల్లల్ని చదివించినవాళ్లు ఉన్నారు.

కానీ జూట్ మిల్లుల్లో అప్పుడు కూడా "బదిలీ" కార్మికులు అని ఉండేవాళ్లు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడాలి. ఎవరైనా పర్మనెంట్ రాకపోతే ఆ స్థానంలో పని, లేకపోతే ఇంటికి. అంటే ఒకే గేటు దగ్గర రెండు రకాల మనుషులు ఉండటం కొత్త కాదు. పర్మనెంట్లకైనా సుఖంగా దొరకలేదు. 1994 జనవరిలో నెల్లిమర్లలో జూట్ కార్మికుల ఆందోళన మీద పోలీసులు కాల్పులు జరిపితే కార్మికుల ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఏళ్లలో లాకౌట్లు కూడా జరిగాయి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడింది. ప్లాస్టిక్ సంచి వచ్చింది, గోగు సాగు తగ్గింది. మిల్లు పోయినచోట రోల్స్ ఉద్యోగం కూడా పోయింది. ఆ తర్వాత వచ్చిన ఫ్యాక్టరీలు మొదటి రోజు నుంచే కాంట్రాక్టర్‌తో వచ్చాయి. అప్పట్లో బదిలీ అంటే పక్కన ఉండే లైను. ఇప్పుడు అదే మెయిన్ లైను అయిపోయింది.

పలాసలో కిలో లెక్క

ఇప్పుడు పలాస-కాశీబుగ్గ వెళ్దాం. అక్కడ కాంట్రాక్టర్ కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది, కిలో.

జీడిపప్పు మన చేతికి రావాలంటే పిక్కల్ని ఉడికించాలి, పెంకు కోయాలి, ఆరబెట్టాలి, తొక్క తీయాలి, సైజు ప్రకారం వేరు చేయాలి. ఉద్దానం పిక్కలు చాలక ఆఫ్రికా నుంచి కూడా తెప్పిస్తారు. ప్యాకెట్ మీద డబ్ల్యూ 320 అని చూసుంటారు. ఒక పౌనుకి సుమారు 300 నుంచి 320 పప్పులు తూగే సైజు అని దానర్థం. ఆ నంబర్ ప్రపంచం మొత్తం ఒకటే. మార్కెట్ అంత పెద్దది.

ఆ పప్పుని వేరు చేసేవాళ్లు ఎక్కువగా ఆడవాళ్లు. కూలి కిలోల లెక్కన. పెంకులో ఉండే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది, అందుకే చేతులకి నూనో బూడిదో రాసుకుంటారు. ఇక్కడ రిస్క్ ఎవరిదో చూడండి. పిక్కలు ఆలస్యంగా వస్తే ఖాళీగా కూర్చున్న టైంకి కూలి లేదు. కరెంటు పోతే లేదు. పిక్కలు చిన్నవైతే కిలో అవ్వడానికి ఇంకో గంట పడుతుంది. వయసు పెరిగి చేయి నెమ్మదిస్తే కూలి తగ్గుతుంది. గోదాములో జరిగే ప్రతి తప్పుకీ చివర్లో కూర్చున్న మనిషి కూలిలో కోత పడుతుంది.

మీకు తెలియాల్సిన మాట ఒకటి చెప్తాను. 1948 కనీస వేతనాల చట్టంలోనూ, ఇప్పటి వేతనాల కోడ్‌లోనూ ఒక రూల్ ఉంది. కిలో లెక్కన, పీస్ లెక్కన పని చేయించినా సరే, ఆ పనికి టైం లెక్కన కనీస వేతనం నిర్ణయించి ఉంటే అంతకన్నా తక్కువ ఇవ్వకూడదు. అంటే "నువ్వు తక్కువ కొట్టావు, అందుకే ఇంతే" అనే మాట ఒక గీత దగ్గర ఆగిపోవాలి.

వెరావల్, చెన్నై: పని అక్కడ, అప్పు ఇక్కడ

"తండేల్" సినిమా చూశారు కదా, 2025 ఫిబ్రవరిలో వచ్చింది. నాగచైతన్య, సాయిపల్లవి. పాటలు అందరికీ గుర్తుంటాయి. నేను ఇంకో ప్రశ్న అడుగుతాను. సినిమాకి మూలమైన ఆ మత్స్యకారులు 2018 నవంబర్‌లో పాకిస్తాన్‌కి చిక్కారు, 2020 జనవరిలో వదిలారు. అసలు శ్రీకాకుళం మనిషి గుజరాత్ సముద్రంలో ఏం చేస్తున్నాడు? ఇంటి ముందే సముద్రం ఉంది కదా?

ఉంది. జిల్లాకి 190 కిలోమీటర్లకి పైగా తీరం ఉంది. కానీ పెద్ద మరబోట్లు నిలబడే హార్బర్ ఏళ్ల తరబడి లేదు. ఒడ్డు మీదకి లాగి పెట్టే చిన్న పడవలతో ఏడాదంతా బతకడం కష్టం. అందుకే సీజన్ మొదలవ్వగానే రైలెక్కి వెరావల్ వెళ్తారు. వెళ్లేముందు బోటు యజమాని తరఫున అడ్వాన్సు చేతికొస్తుంది. ఆ డబ్బు పెళ్లికో, వైద్యానికో, పాత అప్పుకో ఇక్కడే ఖర్చయిపోతుంది. ఇక సీజన్ అంతా ఆ అడ్వాన్సు తీరేదాకా బేరం ఆడే స్థితి ఉండదు. మధ్యలో వచ్చేద్దామంటే అప్పు. 2020 లాక్‌డౌన్‌లో మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 4 వేల మందికి పైగా అక్కడ చిక్కుకుపోయారు. వారాల తరబడి బోట్లలోనే బతికారు. తర్వాత బస్సుల్లో తీసుకొచ్చారు.

బిల్డింగ్ పనికి వెళ్లేవాళ్లది కూడా ఇదే దారి. మేస్త్రీ ఊరికొస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, చెన్నై, హైదరాబాద్ తీసుకెళ్తాడు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలింది. 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వెళ్లిన కూలీలు. 1979లోనే వలస కార్మికులకి ఒక చట్టం వచ్చింది. కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకోవాలి, ప్రతి కూలీకి ఫొటోతో పాస్‌బుక్ ఇవ్వాలి అని అందులో రాసి ఉండేది. మన ఊళ్ల నుంచి వెళ్లినవాళ్లలో ఆ పాస్‌బుక్ చూపించినవాడిని నేను ఇంతవరకూ ఒక్కడినీ చూడలేదు.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. మేస్త్రీని మనవాళ్లు విలన్‌లా చూడరు. రాత్రి పన్నెండింటికి హాస్పిటల్‌కి డబ్బు కావాలంటే బ్యాంకు ఇవ్వదు, మేస్త్రీ ఇస్తాడు. కొత్త ఊళ్లో గది చూపించేది ఆయనే. ఆ అవసరం తీర్చేవాళ్లు వేరే ఎవరూ లేరు కాబట్టే ఆయనకి ఆ బలం వచ్చింది.

నా మెడలో ట్యాగ్

"నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, నీకేటి నొప్పి?" అని మా పిన్నే అడిగింది. అందుకే ఇది కూడా చెప్తున్నా.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నా మొదటి ఉద్యోగం థర్డ్ పార్టీ పేరోల్. కూర్చునేది క్లయింట్ ఆఫీసులో, జీతం ఇచ్చేది వేరే సంస్థ, దానికీ క్లయింట్‌కీ మధ్య ఇంకో వెండర్. వాళ్ల ఉద్యోగుల ట్యాగ్ రంగు వేరు, మాది వేరు. క్లయింట్ నా పనికి నెలకి ఎంత కడుతున్నాడో నాకు చివరిదాకా తెలీదు. ప్రాజెక్ట్ అయిపోయింది అని శుక్రవారం మెయిల్ వచ్చింది, సోమవారం నుంచి ట్యాగ్ పని చెయ్యలేదు. కోపం వచ్చింది, నిజమే. కానీ మా తమ్ముడి పేస్లిప్ చూసేదాకా, నాదీ వాడిదీ ఒకే సమస్య అని నాకు తట్టలేదు. నేను ఏసీలో ఉన్నాను కాబట్టి నన్ను నేను కూలీ అనుకోలేదు, అంతే.

ఐటీ ఫ్రెషర్ ప్యాకేజీ చూడండి. పదేళ్ల కిందట పెద్ద కంపెనీలు 3 నుంచి 3.5 లక్షలు ఇచ్చేవి. ఇప్పటికీ చాలామందికి అంతే. ఈ మధ్యలో రూమ్ అద్దె, మెస్ బిల్లు, బీటెక్ ఫీజు ఏవీ ఆగలేదు. 2024లో కాగ్నిజెంట్ మామూలు డిగ్రీ ఫ్రెషర్లకి 2.52 లక్షల ప్యాకేజీ ప్రకటిస్తే సోషల్ మీడియాలో గోల అయ్యింది గుర్తుందా?

మరి ఎందుకిలా?

కారణం ఒకటి కాదు. చదువుకున్నవాళ్లు చాలామంది, దగ్గర్లో ఉద్యోగమిచ్చే గేట్లు కొన్నే. పది గేట్లు ఉంటే ఒకచోట తక్కువ ఇస్తే ఇంకోచోటికి వెళ్తాం. రెండే ఉంటే ఇచ్చింది తీసుకుంటాం. భూమి తక్కువ, అప్పు ఎక్కువ, కాబట్టి నెల రోజులు ఖాళీగా ఉండి మంచి ఉద్యోగం వెతుక్కునే ఓపిక ఇంట్లో ఉండదు. పైగా తేడా బయటకి కనిపించదు. జీతం గురించి అడగడం మన దగ్గర నామోషీ. పక్కవాడికెంతో తెలీకపోతే మనకెంత రావాలో కూడా తెలీదు.

కంపెనీల వాదన కూడా వినాలి. ఆర్డర్లు ఒక నెల ఉంటాయి, ఒక నెల ఉండవు, అందరినీ పర్మనెంట్ చేస్తే మూసుకోవాల్సి వస్తుంది అంటారు. సీజన్ పనికి ఆ మాట ఒప్పుకోవచ్చు. కానీ 365 రోజులు, మూడు షిఫ్టులు తిరిగే మెషీన్ దగ్గర నిలబడే మనిషి తాత్కాలికం ఎలా అవుతాడు?

ఇప్పుడు మన వైపు పెద్ద పెద్ద పేర్లు వినిపిస్తున్నాయి. భోగాపురం ఎయిర్‌పోర్టు, మూలపేట పోర్టు, విశాఖలో గూగుల్ డేటా సెంటర్. రావాలి, నేను వద్దనట్లేదు. ప్రతి మీటింగ్‌లో "ఎన్ని వేల ఉద్యోగాలు" అనే నంబర్ చెప్తారు. మనం చప్పట్లు కొడతాం. ఆ నంబర్ పక్కన ఇంకో మూడు ప్రశ్నలు అడగడం నేర్చుకుందాం. ఆ ఉద్యోగాలు కట్టేటప్పుడా, నడిచేటప్పుడా? డేటా సెంటర్ కట్టడానికి చాలామంది కావాలి, నడపడానికి కొద్దిమంది చాలు. రెండు, ఎవరి రోల్స్‌లో? మూడు, మొదటి నెల చేతికి ఎంత, ఐదో ఏడాది ఎంత?

ఫోన్‌లో ఇప్పుడే చూసుకోవాల్సినవి

ఒకటి. ఉమంగ్ యాప్‌లో మీ యూఏఎన్ నంబర్‌తో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. ప్రతి నెలా పడుతోందా, మీ వాటా, యజమాని వాటా రెండూ పడుతున్నాయా చూడండి. యజమాని 12 శాతంలో కొంత పెన్షన్ ఖాతాకి వెళ్తుంది, కాబట్టి రెండు అంకెలు సమానంగా లేవని కంగారు పడకండి.

రెండు. అపాయింట్‌మెంట్ లెటర్ అడగండి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయని కేంద్రం ప్రకటించింది. వాటి ప్రకారం కార్మికులందరికీ అది ఇవ్వాలి.

మూడు. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ఆ బాధ్యత అసలు కంపెనీది. 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలో ఉండేది, కొత్త కోడ్‌లోనూ ఉంది. "అది కాంట్రాక్టర్‌తో చూసుకో" అంటే అది చట్టం మాట కాదు.

నాలుగు. పేస్లిప్, గేట్ పాస్, బ్యాంకు మెసేజ్‌లు ప్రతి నెలా ఫొటో తీసి దాచండి. రేపు ఫలానా చోట పని చేశానని చెప్పడానికి అవే సాక్ష్యం.

మా తమ్ముడి సంగతి

ఆ రోజు ఇంట్లోనే వాడి పాస్‌బుక్ తెరిచాం. ఉద్యోగంలో చేరి 14 నెలలు. స్లిప్‌లో 14 నెలలూ కటింగ్ ఉంది. ఖాతాలో పడింది 9 నెలలు. వాడు చాలాసేపు ఫోన్ వైపే చూశాడు. "కంప్లైంట్ పెడదాం" అన్నాను నేను, హీరోలాగ. వాడు అన్నాడు: "అన్నయ్యా, నువ్వు రేపు హైదరాబాద్ ఎల్లిపోతావ్. నేను సోమవారం గేటు దగ్గర నిలబడాలి."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. చట్టం తెలిసినంత మాత్రాన సోమవారం భయం పోదు.

తర్వాత వాడే ఒక పని చేశాడు. తన లైన్‌లో కుర్రాళ్లకి పాస్‌బుక్ ఎలా చూడాలో క్యాంటీన్‌లో చూపించాడు. 11 మందికి అదే 5 నెలలు లేవు. ఒక్కడు అడిగితే పేరు గుర్తుపెట్టుకుంటారు కానీ 11 మందినీ ఒకేసారి తీసేస్తే లైన్ ఆగిపోతుంది. అందరూ కలిసి కంపెనీ హెచ్ఆర్ దగ్గరకి వెళ్లారు. గొడవ చెయ్యలేదు, ప్రింట్లు టేబుల్ మీద పెట్టారు. రెండు వారాల్లో 3 నెలల డబ్బు పడింది. ఇంకా 2 నెలలది రావాలి. పడకపోతే పీఎఫ్ గ్రీవెన్స్ పోర్టల్‌లో పెడతామని చెప్పి వచ్చారు. వాడి జీతం పెరగలేదు, రోల్స్‌లోకీ తీసుకోలేదు. కాకపోతే ఇప్పుడు ప్రతి నెలా పదో తారీఖు దాటాక ఆ 11 మందీ గ్రూపులో పాస్‌బుక్ స్క్రీన్‌షాట్లు పెట్టుకుంటున్నారు.

ఈ వీడియో మీ ఇంట్లో కంపెనీకి వెళ్లేవాళ్లకి ఒకసారి చూపించండి. చూశాక పక్కన కూర్చుని వాళ్ల పాస్‌బుక్ తెరవండి. 5 నిమిషాల పని. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.